చప్టా అవతల ఎర్రజెండా

నేను దెయ్యాలను నమ్మను. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. ఇరవై రెండేళ్ళుగా ఖరగ్‌పూర్‌లో ఒక బళ్ళో సైన్సు చెబుతున్నాను. ఏటా పదో తరగతి పిల్లలకి బోర్డు మీద కన్ను బొమ్మ గీసి, వెలుతురు ఎటునుంచి వచ్చి ఎక్కడ పడితే వస్తువు కనబడుతుందో వివరించేది నేనే. మా ఝపటాపూర్ వీధిలో ఎవరి పిల్లకైనా గాలి సోకిందంటే థర్మామీటరు పట్టుకుని వెళ్ళేదీ నేనే. అందువల్ల ఇరుగుపొరుగులో నాకు మంచి పేరేమీ లేదు.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, రాయకుండా ఉండటానికి చాలాకాలం ప్రయత్నించాననే అర్థం. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. జరిగింది పట్టపగలు. ఎండ బాగా కాస్తోంది. ముగ్గురం మెలకువగానే ఉన్నాం.

మా నాన్న రైల్వేలో డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ మా ఇంట్లో ఇప్పటికీ డ్రైవరే. ఇంజనులో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే పక్కనున్న అసిస్టెంటు దాని రంగు పైకి చెప్పాలి. డ్రైవరు చెయ్యెత్తి అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరూ చెబితేనే సిగ్నల్ చూసినట్టు లెక్క. నాన్న ఈ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చాడు. స్కూటరు మీద గోల్‌బజారు వెళ్తుంటే వెనక కూచున్న అమ్మ "ఎర్ర" అనాలి, నాన్న "ఎర్ర" అని బండి ఆపాలి. ఆవు అడ్డం వచ్చినా ఎర్రే, స్పీడుబ్రేకరు వచ్చినా ఎర్రే. ఒకసారి ఎర్ర అన్నాక వాదన ఉండకూడదు. ముందు ఆపాలి, ఎందుకని తరవాత అడగాలి. చిన్నప్పుడు మేము దీనికి ఎంత నవ్వుకునేవాళ్ళమో చెప్పలేను.

నాన్న ఇంకొకటి కూడా చెప్పేవాడు. వానాకాలంలో కొన్ని వంతెనల దగ్గర నీటిమట్టం చూడటానికి రైల్వే ఒక మనిషిని కాపలా పెడుతుంది. నీరు గీత దాటితే అతను ఎర్రజెండా చూపిస్తాడు, దారి బాగుంటే పచ్చది. పచ్చజెండా చూసిన డ్రైవరు తప్పకుండా కూత వేసి వెళ్ళాలి. వానలో తడుస్తూ మనకోసం నిలబడ్డ మనిషికి జవాబివ్వకుండా పోకూడదని నాన్న అనేవాడు.

ఇనుప ఖనిజం గూడ్సులు నడిపిన రోజుల్లో నాన్నకి ఇంజను కిటికీలోంచి ఒడిశా కొండలు కనిపించేవి. ఆ కొండలు మూడు వరసలనీ, ముందుది పచ్చగా, రెండోది నీలంగా, మూడోది పొగలా ఉంటుందనీ, వాటి కింద ఒక నది పారుతుందనీ అమ్మకి చెప్పేవాడు. రిటైరయ్యాక రోడ్డు మీద తీసుకెళ్తానన్నాడు. తీసుకెళ్ళకుండానే ఆరేళ్ళ కిందట పోయాడు.

ఈలోగా అమ్మ కళ్ళకి శుక్లాలు వచ్చాయి. ఎడమ కన్ను ఆపరేషనుతో బాగవుతుంది గానీ, కుడిది బాగా ముదిరిపోయిందనీ, చూపు వస్తుందని మాట ఇవ్వలేననీ డాక్టరు చెప్పాడు. ఆపరేషను దసరా పూజా సెలవుల తరవాతకి పెట్టారు. ఇంటికొచ్చాక అమ్మ ఒక్కటే అడిగింది.

"ఆపరేషనుకి ముందే ఆ కొండలు సూపించీయే సత్యా. తరవాత సూపు ఉంటాదో లేదో ఎవరికి తెలుసు."

మాది రైల్వే పాసుల కుటుంబం. రైలు వెళ్ళని ఊరు మా దృష్టిలో ఊరే కాదు. తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన దగ్గర్నుంచి మావాళ్ళెవరూ వంద కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్ళిన పాపాన పోలేదు. నేను మాత్రం నలభై ఏడో ఏట బండి నేర్చుకుని, సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న వ్యాను తీసుకున్నాను. మొదటి నెలలోనే మలంచా రోడ్డు మీద ఒక టోటోకి, అంటే బ్యాటరీ రిక్షాకి, తగిలించిన మాట నిజమే. మా అన్నయ్య దాన్ని మాత్రమే గుర్తుపెట్టుకున్నాడు.

"పాసుండగా రోడ్డెందుకే? ఘాటురోడ్డు మజ్జలో ఆగిపోతే నన్ను పిలవకు. అక్కడికి రైల్లేదు" అన్నాడు.

ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. వెళ్ళి తీరాలనుకున్నాను. నాతోపాటు మిఠూదీ బయల్దేరింది. మిఠూదీ మా బళ్ళోనే భూగోళం చెబుతుంది. డేరా, చిన్న స్టవ్వు, తాళ్ళు, టార్చీలు అన్నీ ఆమెవే. పెళ్ళికాని రోజుల నుంచీ కొండలెక్కిన మనిషి. నాలాగే ఆమెకీ దేవుడి మీద, దెయ్యం మీద పెద్దగా నమ్మకం లేదు.

పూజా సెలవులు మొదలవగానే ఒకరోజు తెల్లవారుతుండగా బయల్దేరాం. అమ్మ ముందు సీట్లో కూచుని, బెల్టు కట్టించుకుని, డ్యూటీ మొదలుపెట్టింది. లోధాశూలి దాటకముందే "ఎర్ర" అంది. ఆపాను. ఎవరో దండెం మీద ఆరేసిన చీర. ఇంకాస్త దూరం వెళ్ళాక మళ్ళీ "ఎర్ర" అంది. అది కూల్‌డ్రింక్ బోర్డు. జంషోలా దగ్గర సువర్ణరేఖ వంతెన చేరేలోపు ఆవిడ మాట విని నాలుగుసార్లు ఆపాను. నాలుగుసార్లూ ఏమీ లేదు. వెనక సీట్లో మిఠూదీ నవ్వు ఆపుకోలేకపోతోంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అమ్మ ఎర్ర అంటే అక్కడ నిజంగా ఎర్ర ఉంటుందన్న నమ్మకం నాకు ఆ రోజుకి ఏ మాత్రం లేదు.

బంగిరిపోసి ఘాటు మాత్రం నేను జన్మలో మరిచిపోను. ముందు ఖనిజం లారీలు, వెనక ఖనిజం లారీలు, మధ్యలో నా వ్యాను. మలుపు మలుపుకీ నాన్న గుర్తొచ్చాడు. రెండో గేరులో, చెమటలు కక్కుతూ, ఎక్కడా ఆగకుండా పైకి చేరాను. పైన అమ్మవారి గుడి దగ్గర లారీలన్నీ ఆగుతాయి. నేనూ ఆపాను. అమ్మ దండం పెట్టుకుంది. నేను అన్నయ్యకి ఫోను చేసి, ఘాటు ఎక్కేశానని చెప్పి, అతను ఏదో అనేలోపే పెట్టేశాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

ఆ సాయంత్రం సాల్ చెట్ల మధ్య, ఒక చిన్న ఏటి ఒడ్డున, ఊరివాళ్ళని అడిగి డేరా వేసుకున్నాం. కిచిడీ వండుకున్నాం. గుడ్డ ఇంట్లో పడుకోనని అమ్మ మొండికేసి వ్యాన్లోనే సీటు వాల్చుకుని పడుకుంది.

మర్నాడు పొద్దున్న టీకొట్టు దగ్గర దారి అడిగాం. అడవి దారిలో వెళ్తే ఒక వాగు వస్తుందనీ, దాని మీద చప్టా ఉందనీ, చప్టా దాటి కొంత దూరం పోతే కొండల కింద నది కనబడుతుందనీ చెప్పారు. చప్టా అంటే నీళ్ళు పైనుంచే పోయేలా నేలమట్టానికి కట్టిన సిమెంటు దారి. పాదాలు మునిగేంత నీళ్ళే ఉన్నాయన్నారు.

పదకొండు దాటాక అక్కడికి చేరాం. దారి చాలా ఇరుకు, రెండు పక్కలా ఎత్తయిన గట్టు. నీళ్ళు నిజంగానే పాదాల లోతు. అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. అవతల ఒడ్డున ఒక పెద్ద నల్లరాయి, దాని చుట్టూ రెల్లుగడ్డి. అంతే. మిఠూదీ ఫోను కిటికీలోంచి బయటికి పెట్టి వరసగా ఫొటోలు తీస్తోంది. నేను మొదటి గేరులోకి మార్చాను.

"ఎర్ర" అంది అమ్మ.

"ఏటీ లేదమ్మా అక్కడ. గడ్డి" అన్నాను.

"ఉన్నాడే. రాయి పక్కన నించున్నాడు. ఎర్రజెండా అడ్డంగా ఊపుతన్నాడు. ఆపు."

అప్పటికే నా కాలు బ్రేకు మీద ఉంది. నమ్మి తొక్కింది కాదు. చిన్నప్పటి నుంచీ విన్న మాటకి కాలు దానంతటదే కదిలింది. ముందు చక్రాలు నీటికి రెండు గజాల దూరంలో ఆగాయి.

మా వెనకే సొరకాయల లోడుతో ఒక పికప్ వ్యాను వచ్చి ఆగింది. పక్కనుంచి పోవడానికి చోటు లేదు. అతను హారన్ కొట్టి కొట్టి, చివరికి దిగి వచ్చి ఒడియాలో తిట్టడం మొదలుపెట్టాడు. మిఠూదీ దిగి అతనికి సర్దిచెప్పబోయి, తిరిగి నా దగ్గరికొచ్చి, పోనీ పోదాం పద అంది. అవతల తనకీ ఎవరూ కనబడలేదంది. నేను చెయ్యి తాళం మీద వేశాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు.

"డ్రైవరు కూతురివి. ఎర్ర సూపించినాక బండి కదపకూడదు" అంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఈవిడ చూడలేని కొండల కోసం ఇంత దూరం వచ్చి, ఈవిడ చూపుని నమ్మి అడవిలో ఆగిపోయానని అనిపించింది. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మొదట నాకు తెలిసింది చప్పుడు కాదు, వాసన. కుళ్ళిన ఆకులు, తడిమట్టి కలిసిన వాసన. తరవాత గులకరాళ్ళు కనబడటం మానేశాయి. నీళ్ళు టీ రంగుకి మారాయి. పికప్ డ్రైవరు తిడుతున్న తిట్టు మధ్యలో ఆపేసి తన బండి వైపు పరిగెత్తాడు, మిఠూదీ మా వెనక సీట్లోకి ఎక్కేసింది. ఎగువ మలుపు దగ్గర గోధుమరంగు నీళ్ళు, కొమ్మలు, ఒక నిలువెత్తు దుంగ ఒక్కసారిగా వచ్చాయి. చప్టా అంచున పాతిన తెల్లరాళ్ళు ఒకదాని వెనక ఒకటి మునిగిపోయాయి. నేను వ్యాను వెనక్కి తీస్తున్నాను, పికప్ అంతకంటే వేగంగా వెనక్కి పోతోంది. ఆగిన దగ్గర్నుంచి చప్టా కనబడకుండా పోయేవరకూ ఆరేడు నిమిషాలకి మించి పట్టలేదు. అది దాటడానికి మాకు ఒక నిమిషం చాలు, కానీ అవతల ఇరుకు దారి కూడా వాగు పక్కనే చాలా దూరం పోతుందని తరవాత చూశాను. ఆగకపోయి ఉంటే, నీళ్ళు వచ్చేసరికి మేము ఆ దారి మధ్యలో ఉండేవాళ్ళం.

వరద ఎందుకొచ్చిందో నాకు తెలుసు. కొండల మీద ముందురోజు వాన పడింది, ఆ నీళ్ళు దిగేసరికి కింద ఎండ కాస్తోంది. మిఠూదీ ఏటా బళ్ళో చెప్పే పాఠమే. వరదలో వింతేమీ లేదు.

బండి ఆపాక అమ్మని అడిగాను, నాన్న కనబడ్డాడా అని. ఆవిడకి కోపం వచ్చింది.

"మీ నాన్నైతే నాకు తెలీదేటి? ఎవరో ముసిలాయన. నెత్తి మీద గోనెసంచి వానకి ముసుగేసినట్టు ఏసుకున్నాడు. ఎడమసేత్తో ఊపినాడు."

ఎండలో గోనెసంచి ఎందుకు వేసుకుంటాడని అడిగాను.

"నాకేటి తెలుసు? ఆయన్నడుగు" అంది.

సాయంత్రం నాలుగింటి దాకా అక్కడే ఉన్నాం. అన్నం వండి పికప్ డ్రైవరుకి కూడా పెట్టాం. అతను సొరకాయ ఒకటి కోసి ఇచ్చాడు. అమ్మ మాత్రం అవతల ఒడ్డు వైపే చూస్తూ కూచుంది. నీళ్ళు తగ్గి తెల్లరాళ్ళు మళ్ళీ బయటపడ్డాయి. పికప్ డ్రైవరు కర్ర పట్టుకుని చప్టా మీద అటు చివరిదాకా నడిచి వచ్చాడు. చీలమండ లోతే ఉందన్నాడు. అదే సమయానికి అమ్మ మెల్లగా "పచ్చ" అంది. తరవాత నాతో, "కూత ఎయ్యి. జవాబియ్యకుండా పోకూడదు" అంది.

నేను వెయ్యలేదు. ఎవరూ లేని ఒడ్డుకి హారన్ కొట్టడానికి నా చదువు ఒప్పుకోలేదు. "పచ్చ" అని తిరిగి కూడా చెప్పలేదు. ఊరికే దాటేశాను. అమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

అవతల ఆగి నల్లరాయి దగ్గరికి వెళ్ళి చూశాను. వరద తాకని పైగట్టున పొడి ఇసక ఉంది. దాని మీద మేక గిట్టలు తప్ప ఏ అడుగులూ లేవు. రాయి నుంచి మేము ఆగిన చోటికి అంగలు లెక్కపెట్టాను. డెబ్బై పైన వచ్చాయి. తరవాతి ఊళ్ళో అడిగాం. ఆ వాగుకి ఎన్నడూ కాపలా మనిషి లేడన్నారు. రైలు పట్టాలు కొండల అవతల ఎక్కడో ఉన్నాయి, ఈ వైపు ఎప్పుడూ లేవన్నారు.

పొద్దు గుంకే వేళకి నది చేరాం. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలో దిగింది. ఎదురుగా నాన్న చెప్పిన కొండలు. చెప్పినట్టే మూడు వరసలు. ఎన్ని కనబడుతున్నాయని అడిగాను. అమ్మ చాలాసేపు చూసి, రెండు అంది. నాకోసం ఒకటి కలిపి చెప్పిందని అర్థమైంది. డేరా కట్టే వంకతో పక్కకి వెళ్ళి ఏడ్చాను.

ఇంటికొచ్చాక అన్నయ్య వ్యాను చుట్టూ తిరిగి సొట్టల కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. అమ్మ మాత్రం వీధి వీధంతా పిలిచి గోనెసంచి మనిషి గురించి చెప్పింది. నా పరువు సంగతి చెప్పక్కర్లేదు.

ఆపరేషనుకి ముందు పరీక్ష చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కుడి కంటికి వెలుగు, నీడ మాత్రమే తెలుస్తున్నాయి. ఎడమ కంటితో చెయ్యి చాచినంత దూరంలో వేళ్ళు లెక్కపెట్టగలిగింది, అంతకు మించి లేదు. డెబ్బై అంగల అవతల జెండా ఊపితే కనబడుతుందా అని డాక్టర్ని అడిగాను. అంత దూరంలో లారీ నిలబడ్డా అది లారీయో చెట్టో ఆవిడ చెప్పలేదన్నాడు. ఎర్రరంగు మరకలా తోచి ఉండొచ్చని వాదించుకుందామంటే, మిఠూదీ ఫొటోలు ఉన్నాయి. అమ్మ ఎర్ర అనడానికి ముందూ, అన్న తరవాతా తీసినవి. ఎన్నిసార్లు పెద్దవి చేసి చూశానో లెక్కలేదు. రాయి ఉంది. గడ్డి ఉంది. వాటి దగ్గర ఎర్రగా ఉన్నది ఏదీ లేదు. చీరలకీ బోర్డులకీ మోసపోయిన కళ్ళు, ఏమీ లేనిచోట గోనెసంచినీ ఎడమచేతినీ ఎలా చూశాయి?

రెండు కళ్ళకీ చూపు వచ్చింది. డాక్టరు మాట ఇవ్వలేనన్న కుడి కంటికి కూడా వచ్చింది. కట్టు విప్పిన రోజున అమ్మ మొదట చూసింది నా తెల్లవెంట్రుకల్ని. పైకే చెప్పింది కూడా.

మరుసటి ఏడు అవే సెలవుల్లో మళ్ళీ వెళ్ళాం. ఈసారి అన్నయ్య కూడా వచ్చాడు, వెనక సీట్లో మిఠూదీ పక్కన. దారిలో అమ్మ చెప్పిన ప్రతి ఎర్రా నిజంగా ఎర్రే. ఘాటు మీద అన్నయ్య కళ్ళు మూసుకుని కూచున్నాడని మిఠూదీ నాకు తరవాత చెప్పింది. చప్టా దగ్గర ఆపాను. అమ్మ కొత్త కళ్ళతో అవతలి ఒడ్డుని చాలాసేపు వెతికింది.

"ఎవరూ లేరే" అంది. మనిషి చిన్నబోయింది.

నది దగ్గర మాత్రం వేలు చాపి ఒక్కొక్క వరసే లెక్కపెట్టింది. పచ్చది. నీలంది. పొగలాంటిది. మూడోదాని మీద చెట్లు కూడా కనబడుతున్నాయనీ, అవి మీ నాన్నకి కనబడి ఉండవనీ అంది. అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ క్షణాన నాకు ఇంకేమీ వద్దనిపించింది. టోటోకి తగిలించిన చేతులతో మా అమ్మని నేనే ఇక్కడికి తెచ్చాను, ఒకసారి కాదు, రెండుసార్లు.

మర్నాడు తిరుగు దారిలో మళ్ళీ చప్టా వచ్చింది. నల్లరాయి ఇప్పుడు మా వైపే, పక్కనే ఉంది. ఎండగా ఉంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఎవరూ ఎర్ర అనలేదు, పచ్చ అనలేదు. అయినా నేను ఆపాను. ఎందుకాపావని అన్నయ్య అడిగాడు.

ఇద్దరూ చెబితేనే చూసినట్టు లెక్క. ఆ రోజు అమ్మ చెప్పింది, నేను చెప్పలేదు.

"పచ్చ" అన్నాను, చెయ్యెత్తి.

అమ్మ నా వైపు చూసింది. తరవాత రాయి వైపు చూసి తనూ చెయ్యెత్తి, "పచ్చ" అంది.

హారన్ మీద చెయ్యి పెట్టి, ఇంజను కూత అంత పొడుగ్గా కొట్టాను. ఆ చప్పుడు కొండలదాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఎవరికి జవాబిచ్చానో నాకు ఇప్పటికీ తెలియదు. ఇవ్వకుండా మాత్రం దాటలేకపోయాను.